బీమిమ్ పీఎఫ్6, కాస్త తడి, కాస్త వేడి: కడప ల్యాబ్‌లో ఒక వేలి గాయం

ఈ కేసు కడపలోని ఒక పీజీ కాలేజీ కెమిస్ట్రీ విభాగంలో, బీమిమ్ పీఎఫ్6 అనే ద్రవ లవణం వాడేటప్పుడు జరిగింది. కాలేజీ పేరు, విద్యార్థిని పేరు రాయడం లేదు. ఆమె ఒప్పుకున్నాకే మిగతా వివరాలు రాస్తున్నాను.

కడప, అనంతపురం చుట్టుపక్కల కాలేజీలు పిలిస్తే వెళ్లి ల్యాబులు చూస్తుంటాను. రసాయనాలు ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి, ఎలా పారబోయాలి అన్నది చెప్పి వస్తుంటాను. సల్ఫ్యూరిక్ ఆసిడ్ మీద పడినవాళ్లను, ఈథర్ అంటుకున్న బల్లలను చూశాను. అలాంటివి జరిగితే ఏం జరిగిందో అక్కడున్న అందరికీ ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. ఇక్కడ మంట లేదు, పొగ లేదు, ఏదీ ఒలకలేదు. సీసా మీద ఆశ్చర్యార్థకం గుర్తు తప్ప పుర్రె బొమ్మ కూడా లేదు. అయినా ఒక అమ్మాయి రాత్రంతా వేలు పట్టుకుని కూర్చుంది. ఏం తగిలిందో కనుక్కోవడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది.

పని ఏమిటి

ఆమె పరిశోధన బోరు నీళ్ల మీద. నీళ్లలో అతి తక్కువగా ఉండే సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఒకచోటికి లాగి కొలవాలి. మన రాయలసీమ విశ్వవిద్యాలయాల ఎనలిటికల్ కెమిస్ట్రీలో ఇది ఎప్పట్నుంచో నడుస్తున్న బాట. లోహాన్ని డైథిజోన్ లాంటి కారకంతో పట్టి క్లోరోఫాం పొరలోకి తీసేవాళ్లు. క్లోరోఫాం ఆవిరికి తల తిరగడం, గొంతు మండటం ఆ ల్యాబులో చదివినవాళ్లందరికీ తెలుసు. అందుకే ఈ అమ్మాయి గైడు క్లోరోఫాం బదులు అయానిక్ లిక్విడ్ వాడమన్నారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. చాలా దేశాల్లో అదే కారణంతో అదే మార్పు చేశారు.

అయానిక్ లిక్విడ్ అంటే ద్రవంగా ఉండే లవణం. మామూలు ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. ఇవి 100 డిగ్రీల లోపే, చాలావరకు గది వేడికే ద్రవంగా ఉంటాయి. ధనాయాను పెద్దది, ఒడ్డూపొడుగూ సరిగా లేనిది కావడంతో స్ఫటికంలో కుదురుగా అమరలేదు. 1914లో పాల్ వాల్డెన్ 12 డిగ్రీలకే కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి రాశాడు. ల్యాబుల్లో విరివిగా వాడటం మాత్రం 1992 తర్వాతే మొదలైంది. గాలికీ నీటికీ తట్టుకునే ఇమిడజోలియం లవణాలను ఆ ఏడాది విల్క్స్, జవరోట్కో బయటపెట్టారు. ఆమె వాడింది ఆ కుటుంబంలోదే: 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. ల్యాబులో అందరూ బీమిమ్ పీఎఫ్6 అంటారు. ఆముదంలా చిక్కగా, రంగు లేకుండా ఉంటుంది. నీటిలో సరిగా కలవదు. సాంద్రత 1.37 దాకా ఉంటుంది కాబట్టి వేర్పాటు గరాటులో కింది పొరగా దిగుతుంది. క్లోరోఫాం కూడా అలాగే దిగేది కనుక పాత పద్ధతిని పెద్దగా మార్చాల్సిన పని లేకపోయింది.

లోహం కింది పొరలోకి వచ్చాక పలచని నైట్రిక్ ఆసిడ్‌తో ఊపి దాన్ని తిరిగి బయటకు తీస్తారు. చేతిలో మిగిలేది వాడిన అయానిక్ లిక్విడ్. చిన్న సీసాకే వేల రూపాయలు పెట్టాలి కాబట్టి దాన్ని పారబోయడానికి ఎవరికీ మనసు రాదు. కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడతారు. ఈ కేసు మొదలైంది ఆ ఆరబెట్టడం దగ్గరే.

ఆ రోజు

ఏప్రిల్ నెలాఖరు. రేకుల కప్పు కింద ఉన్న స్టోరు గదిలో, బిరడా ఉన్న గాజు సీసాలో, వాడిన బీమిమ్ పీఎఫ్6 నెలల తరబడి పోగవుతూ వచ్చింది. నైట్రిక్ ఆసిడ్‌తో ఊపాక నీళ్లతో పూర్తిగా కడగాలన్నది రాసుకున్న పద్ధతిలో ఉంది. చిక్కటి ద్రవం కావడంతో పొరలు వేరుపడటానికి చాలాసేపు పట్టేది. అందుకని ఒకసారి కడిగి సీసాలో పోసేవాళ్లు. అంటే ఆ సీసాలో లవణంతో పాటు తడి ఉంది, ఆసిడ్ ఉంది. దానికి ఎండాకాలం వేడి తోడైంది.

మధ్యాహ్నం ఆమె అందులోంచి కొంత రౌండ్ బాటమ్ ఫ్లాస్కులోకి తీసుకుని రోటావాప్‌కు తగిలించింది. ఫ్లాస్కును తిప్పుతూ వేడి చేసి, వచ్చిన ఆవిరిని చల్లబరిచి రిసీవర్ అనే వేరే ఫ్లాస్కులో పట్టే పరికరం అది. వాటర్ బాత్ 80 డిగ్రీలకు పెట్టి, వాక్యూమ్ కోసం కుళాయికి బిగించే ఆస్పిరేటర్ వాడింది. రోటావాప్ ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను మోటారుతో బయటకు లాగే గూడు) కాకుండా మామూలు బల్ల మీదే ఉంది. హుడ్ మోటారు కాలిపోయి అప్పటికే చాన్నాళ్లయింది. ఎవరూ తొందరపడలేదు. "ఇది ఆవిరి కాదు కదా సార్, హుడ్డు ఎందుకని ఊరకుండినాం" అని తర్వాత నాతో ఒకరు అన్నారు. ఆ మాటను నేను కేసు డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఆ విభాగంలో ఆనాడు తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఆ ఒక్క నమ్మకమే ఉంది.

తడి అంతా వెళ్లిపోయాక, రిసీవర్ ఫ్లాస్కులో చేరిన నాలుగు చుక్కల నీళ్లను ఆమె సింకులో పోసి, ఫ్లాస్కు నోట్లో వేలు తిప్పుతూ కడిగింది. చేతికి పలచటి నైట్రైల్ గ్లవ్ ఉంది. పొద్దున వేసుకున్న జతే అది. కుడి చూపుడు వేలి కొస దగ్గర చిన్న చిరుగు పడింది. లోపల చెమట కాబట్టి తడి ఎక్కడిదో ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత కూడా ఇంకో పని చేస్తూ అవే గ్లవ్స్‌తో ఉండిపోయింది.

సాయంత్రం ఏమీ తెలియలేదు. రాత్రి పది దాటాక వేలి కొసలో సలపరం మొదలైంది. అర్ధరాత్రికి గోరు కింద పోట్లు. పైన చూస్తే ఏమీ లేదు. కాలిన మచ్చ లేదు, బొబ్బ లేదు, కొస కొంచెం పాలిపోయి ఉందంతే. ఇంట్లో అవ్వ చూసి గోరుచుట్టు అన్నది. నిమ్మకాయకు గాటు పెట్టి వేలికి తొడిగింది. మన ఇళ్లలో గోరుచుట్టుకు అందరూ చేసే వైద్యమే అది. పొద్దున వెళ్లిన క్లినిక్‌లోనూ గోరుచుట్టు అనే అనుకుని నొప్పి మాత్ర, యాంటీబయాటిక్ రాశారు. ఆమె ల్యాబు సంగతి చెప్పలేదు. చెప్పడానికి ఆమె దృష్టిలో ఏమీ జరగలేదు.

విషయం పట్టుకున్నది ఆ ల్యాబు అటెండర్. గాజు సామాను కడగడానికి తీసినప్పుడు రిసీవర్ ఫ్లాస్కు అడుగు పొగబట్టినట్టు కనిపించింది. రుద్దినా పోలేదు. "సార్, ఫ్లాస్కు లోపల గరుకు గరుకుగా ఉండాది, ఎంత తోమినా తెల్లమసక పోలేదు" అని నాకు ఫోన్ చేశాడు. ఆ మసక మరకైతే తోమితే పోవాలి. పోలేదంటే గాజే అరిగింది. బల్ల మీద మామూలుగా ఉండే వాటిలో గాజును అంత త్వరగా తినేది హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ (హెచ్ఎఫ్) ఒక్కటే. ఆ ఫ్లాస్కు నిన్న ఎవరు పట్టుకున్నారని అడిగాను. ఆ అమ్మాయి ఈరోజు రాలేదని, వేలు నొప్పి అని సెలవు పెట్టిందని చెప్పాడు.

ఆమెతో ఫోన్లో మాట్లాడితే, "వేలు లోపల్నుంచి పోట్లు పొడుస్తాంది సార్, మాత్ర వేసుకున్నా తగ్గలా" అంది. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లమని, నేను అక్కడికే వస్తానని చెప్పాను.

ఆసుపత్రిలో

హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ గాయం మామూలు ఆసిడ్ గాయంలా ఉండదు. నైట్రిక్, సల్ఫ్యూరిక్ పడితే చర్మం పైనే కాలుతుంది, అప్పుడే మండుతుంది. హెచ్ఎఫ్ బలహీన ఆసిడ్. దాని అణువు చాలావరకు విడిపోకుండానే చర్మంలోంచి కిందికి దిగిపోతుంది. లోపల ఫ్లోరైడ్ విడిపోయి కణజాలంలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుంటుంది. ఆ తీవ్రమైన నొప్పి అందువల్లే. ఒంటి మీద ఎక్కువ మేర పడితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోవచ్చు. గాఢత 50 శాతం పైన ఉంటే నొప్పి వెంటనే తెలుస్తుంది. 20 శాతం లోపైతే ఒక రోజు దాకా కూడా తెలియకపోవచ్చు. ఈ అమ్మాయిది రెండో రకం.

డ్యూటీ డాక్టరుకు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాను: తగిలింది హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ అని అనుమానం, పలచనిది, కుడి చూపుడు వేలి కొస మాత్రమే, నిన్న మధ్యాహ్నం నుంచి. ఆ డాక్టరు ఓపిగ్గా విన్నారు. కావలసింది 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఏడు రోడ్ల దగ్గర మందుల షాపులన్నీ అడిగినా రెడీమేడ్ జెల్ దొరకలేదు. కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం ఇంజెక్షన్ మాత్రం ఆసుపత్రిలోనే ఉంది. అది ఒక పాలు, నీటిలో కరిగే జెల్లీ మూడు పాళ్లు కలిపితే సరిగ్గా 2.5 శాతం అవుతుంది. డాక్టరు చెప్పగా నర్సు అలాగే కలిపారు. కొత్త గ్లవ్ వేలులో జెల్ నింపి, ఆ వేలు అందులో పెట్టించారు. ఈసీజీ తీశారు, రక్తంలో కాల్షియం చూశారు. రెండూ మామూలుగానే ఉన్నాయి.

ఈ వైద్యంలో నొప్పే కొలమానం. జెల్ పనిచేస్తే నొప్పి తగ్గుతుంది, మళ్లీ వస్తే మళ్లీ జెల్ పెట్టాలి. అందుకే అప్పుడు గట్టి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నొప్పిని కప్పేస్తే వైద్యం పనిచేస్తుందో లేదో తెలియదు. సాయంత్రానికి ఆమె ముఖం తేటపడింది. జెల్ మార్చుతూ రాత్రి అక్కడే ఉంచారు. తర్వాత వేలి కొస చర్మం పొరగా ఊడి కొత్తది వచ్చింది, గోరు నిలిచింది. తగిలిన మేర చిన్నది, ఆసిడ్ పలచనిది కాబట్టి అంతటితో పోయింది. అరచేయంత మేర తగిలి ఉంటే ఇంత తేలిగ్గా రాసేవాణ్ని కాదు.

నిజంగా హెచ్ఎఫ్ యేనా

అనుమానంతో వైద్యం మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. కానీ కేసు మూయాలంటే రుజువు కావాలి. మర్నాడు ల్యాబుకు వెళ్లి ఉన్న వస్తువులన్నీ ముందు పెట్టుకున్నాను.

వాడిన ద్రవం ఉన్న సీసాకు గాజు బిరడా పట్టేసి ఉంది. మెడ చుట్టూ బిరడా ఆనే చోట సన్నటి తెల్లపొడి. ద్రవం నిలిచిన మట్టం దాకా లోపలి గాజు మసక, పైన మామూలు. రోటావాప్ కింద బల్ల మీద అరచేయంత చోట నలుపు పోయి బూడిదరంగు తేలింది, వేలితో తాకితే గరుకు. ఆ బల్ల కడప బండ. మన జిల్లా ల్యాబుల్లో, వంటిళ్లలో అదే వేస్తారు. అది సున్నపురాయి. విభాగంలో కొందరు ఆ మచ్చ చూపించి ఇదిగో సార్ రుజువు అన్నారు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నైట్రిక్ ఆసిడ్ చుక్క పడినా, ఆఖరికి నిమ్మరసం పడినా కడప బండ అలాగే తెల్లబడుతుంది. పీహెచ్ కాగితం ఎర్రబడటమూ అంతే, దానికి నైట్రిక్ ఆసిడ్ చాలు. నైట్రిక్ ఆసిడ్ చేయలేనిది గాజును అరగదీయడం. అందుకని మసక ఫ్లాస్కును బండ మీది మచ్చ కంటే ఎక్కువగా నమ్మాను.

అంతకంటే గట్టి సాక్ష్యం అదే గదిలో ఉంది. అనంతపురం, కడప బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కాబట్టి ఈ విభాగం దగ్గర ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటిందా, 1.5 దాటిందా అని ఊళ్ల నుంచి తెచ్చిన నీళ్లు దాంతోనే చూస్తారు. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉన్న ఆ ఎలక్ట్రోడ్ విడిగా ఉన్న ఫ్లోరైడ్ అయానునే చూస్తుంది. ఫాస్ఫరస్‌కు గట్టిగా అంటుకుని ఉన్న పీఎఫ్6లోని ఫ్లోరిన్‌ను చూడదు. మాకు కావలసిందీ ఆ తేడానే. కొత్త సీసాలోని బీమిమ్ పీఎఫ్6ను డిస్టిల్డ్ నీళ్లతో ఊపి, ఆ నీళ్లలో టిసాబ్ బఫర్ (ఫ్లోరైడ్ రీడింగ్ సరిగా రావడానికి కలిపే ద్రావణం) కలిపి చూస్తే మీటరు దాదాపు కదల్లేదు. వాడిన సీసాలోంచి ఆమె ఫ్లాస్కులోకి తీసుకున్న దాన్ని అలాగే చూస్తే, మళ్లీ మళ్లీ పలచన చేస్తే గానీ రీడింగ్ స్టాండర్డుల పరిధిలోకి రాలేదు. నీళ్లలో కాల్షియం క్లోరైడ్ కలిపి కూడా చూశాం. తెల్లటి మడ్డి పడింది. పీఎఫ్6 విడిపోతే ఫాస్ఫేట్ కూడా వస్తుంది, కాల్షియం ఫాస్ఫేట్ కూడా తెల్లగానే పడుతుంది. కానీ అది అసిటిక్ ఆసిడ్‌లో కరుగుతుంది, కాల్షియం ఫ్లోరైడ్ కరగదు. మా మడ్డి కరగలేదు.

దీంతో కొత్త సరుకు బాగానే ఉందని, చెడింది వాడకంలోనేనని తేలింది. పీఎఫ్6 అయాను నీటితో తగిలితే ఫ్లోరిన్లు ఒక్కొక్కటిగా ఊడి హెచ్ఎఫ్ వస్తుంది, చివరికి ఫాస్ఫేట్ మిగులుతుంది. గది వేడిలో, ఆసిడ్ లేని నీటిలో ఇది చాలా నెమ్మది. అందుకే ఊపి వేరుచేసే పనిలో ఏమీ కనబడదు. ఆసిడ్ చేరితే వేగం పెరుగుతుంది, వేడి చేస్తే ఇంకా పెరుగుతుంది. ఈ ల్యాబులో రెండూ చేరాయి. పుట్టిన హెచ్ఎఫ్ నీటి ఆవిరితో కలిసి రిసీవర్‌లోకి వెళ్లి చల్లబడింది.

ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. రాబిన్ రోజర్స్ బృందం 2003లోనే, ఇదే బీమిమ్ పీఎఫ్6ను శుద్ధి చేస్తుండగా అది నీటితో విడిపోయి ఫ్లోరైడ్ లవణం ఏర్పడటాన్ని స్ఫటికాలతో సహా చూపించింది. అయానిక్ లిక్విడ్లు అన్నీ హానిలేనివి కావని అప్పుడే హెచ్చరించింది. 2006లో ఇంకో రెండు నమ్మకాలు సడలాయి. కొన్ని అయానిక్ లిక్విడ్లను వాక్యూమ్‌లో 200 నుంచి 300 డిగ్రీల మధ్య డిస్టిల్ చేయవచ్చని ఒక బృందం నిరూపించింది. కొన్ని నిక్షేపంగా మండుతాయని ఇంకో బృందం చూపింది. ఇన్నేళ్లయినా మన ల్యాబుల్లో మొదటి మాటే వినబడుతోంది: ఆవిరి కాదు, అంటుకోదు, భయం లేదు.

సీసా మీది గుర్తును ఎలా చదవాలి

బీమిమ్ పీఎఫ్6 సేఫ్టీ డేటా షీట్ ఆ విభాగంలో ఉంది, ఫైలులో పెట్టి ఉంది. రెండో విభాగంలో చర్మానికీ, కళ్లకూ, శ్వాసకూ ఇరిటెంట్ అని మాత్రమే ఉంది. అందరూ అక్కడిదాకా చదివి ఆగారు. షీట్‌లో 16 విభాగాలుంటాయి. విడిపోతే వచ్చే వాటిలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ పేరు వెనక భాగంలో ఉంది. రెండో విభాగం సీల్ తీయని సీసాలోని శుద్ధ పదార్థం గురించి చెబుతుంది. నైట్రిక్ ఆసిడ్‌తో ఊపి, నెలలు నిలవపెట్టి, 80 డిగ్రీల మీద తిప్పిన దాని గురించి అది చెప్పదు. ఆ లెక్క వాడేవాళ్లే వేసుకోవాలి. అందుకు నేను ప్రతి ల్యాబులోనూ మూడు ప్రశ్నలు అడిగిస్తాను. ధనాయాను ఏది, రుణాయాను ఏది, ఆ రెండిటికీ నీరు, ఆసిడ్, వేడి తగిలితే ఏమవుతాయి?

రుణాయాను బట్టి కథ మారిపోతుంది. పీఎఫ్6, బీఎఫ్4 (టెట్రాఫ్లోరోబోరేట్) రెండూ హెచ్ఎఫ్ ఇవ్వగలవు. క్లోరోఅల్యూమినేట్ రకానికి గాలిలోని తేమ తగిలినా చాలు, హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. బిస్ ట్రైఫ్లోరోమిథైల్ సల్ఫోనైల్ ఇమైడ్ రకం నీటికి బాగా తట్టుకుంటుంది. అదీ నీటిలో కలవదు కాబట్టి ఇలాంటి పనికి సరిపోతుంది. ధర మాత్రం ఎక్కువ, విషగుణమూ లేకపోలేదు.

ధనాయాను వైపు చూస్తే ఇమిడజోలియంకు తగిలించిన కార్బన్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ జీవులకు విషం పెరుగుతుంది. నీళ్లలో బతికే వాటికి మరీ. ఇంగ్లండులో ఒక చెత్త డంపు దగ్గరి మట్టిలో ఆక్టైల్ గొలుసు ఉన్న మిథైల్ ఇమిడజోలియం దొరికింది. కాలేయపు పిత్తనాళాలను దెబ్బతీసే ఒక జబ్బును అది రేపవచ్చునన్న అనుమానాన్ని 2018లో పరిశోధకులు ప్రచురించారు. అది ఇంకా అనుమానమే. కానీ సింకులో పోసింది ఎక్కడికీ పోకుండా మట్టిలో ఉండిపోతుందనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. ఇదే విభాగంలో పక్క బల్ల మీద వేరుశనగ పొట్టును కరిగించడానికి బీమిమ్ క్లోరైడ్ వాడుతున్నారు. సెల్యులోజును కరిగించడంలో అది దిట్ట. దానికి హెచ్ఎఫ్ భయం లేదు, కానీ మింగితే విషం. తేమను పీల్చి జిగురు కడుతుంది. ఒక్క వేలికి అంటితే తలుపు పిడికి, బ్యాలెన్స్ మీటకు, సెల్‌ఫోనుకు అంటుతుంది. ఆవిరి కాదు కాబట్టి అది దానంతటది ఆరిపోయి పోదు. తుడిచేదాకా అక్కడే ఉంటుంది. క్లోరోఫాం ఒలికితే కిటికీలు తెరిస్తే చాలనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

డబ్బు మిగులుతుందని అయానిక్ లిక్విడ్‌ను తామే తయారుచేసుకుంటామని విభాగంలో ఒక ప్రతిపాదన వచ్చింది. వద్దన్నాను. మిథైల్ ఇమిడజోల్ చర్మాన్ని కాల్చేది. దాన్ని బ్యూటైల్ బ్రోమైడ్‌తో కలిపినప్పుడు వేడి పుట్టుకొస్తుంది, పెద్ద మోతాదులో ఒక్కసారిగా కలిపితే చేయి దాటిపోతుంది. ఆ తర్వాత పీఎఫ్6 లవణంగా మార్చడానికి కొందరు హెక్సాఫ్లోరోఫాస్ఫారిక్ ఆసిడ్ వాడతారు, అందులో హెచ్ఎఫ్ ముందే ఉంటుంది. పనిచేసే హుడ్ లేని చోట ఈ పని చేయకూడదు.

ఏం మార్చాం

ముందు హుడ్ మోటారు. అది బాగయ్యేదాకా రోటావాప్ ముట్టుకోకూడదని తాళం వేయించాను. తాళం పడ్డాక మోటారు కొత్తది వచ్చింది.

ఆసిడ్ తగిలిన పీఎఫ్6ను వేడి చేయడం పూర్తిగా మానిపించాను. ఇకపై కొనేది నీటికి తట్టుకునే ఇమైడ్ రకం. ఖర్చు చూసి గైడు మొదట వెనకాడారు. వాడే మోతాదు సగానికి తగ్గించేలా పద్ధతి మార్చుకుని ఒప్పుకున్నారు. ఇంకా మిగిలిన కొత్త పీఎఫ్6ను ఆసిడ్ లేని పనులకే, గది వేడిలోనే వాడతారు. వాడిన ఏ ఫ్లోరిన్ లవణమైనా గాజులో కాకుండా పాలీప్రొపిలీన్ సీసాలో ఉంచాలి. స్టోరు రేకుల గదిలోంచి కింది అంతస్తుకు మారింది. కడప ఎండలో ఆ రేకుల కింద ఏ రసాయనమూ షీట్ మీద రాసిన వేడిలో ఉండదు.

వాడిన సీసాలను నెలకోసారి నీళ్లతో ఊపి పీహెచ్, ఫ్లోరైడ్ చూసి పుస్తకంలో రాస్తున్నారు. ఎలక్ట్రోడ్ ఎలాగూ ఉంది కాబట్టి దీనికి అదనపు ఖర్చు లేదు. నిజానికి ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన కొలత ఇదే. ఫ్లోరైడ్ పెరుగుతోందంటే సీసా లోపల లవణం విడిపోతోందని అర్థం. గాజు మసకబారడానికి చాలా ముందే తెలుస్తుంది. ఇలా చూసే పద్ధతిని మన జిల్లాల్లో ఫ్లోరైడ్ మీటరున్న ప్రతి విభాగమూ రేపే మొదలుపెట్టొచ్చు.

గ్లవ్స్ విషయంలో పట్టుబట్టాను. పలచటి నైట్రైల్ గ్లవ్ చిందుల నుంచి కాసేపు కాపాడుతుంది, అంతే. తడి తగిలిందని అనుమానం వస్తే వెంటనే విప్పి, చేయి కడిగి, కొత్తది వేసుకోవాలి. హెచ్ఎఫ్ ఉండొచ్చనుకునే పనికి దాని మీద మందపాటి నియోప్రీన్ గ్లవ్ ఉండాలి. విప్పిన గ్లవ్‌ను మళ్లీ వేసుకోకూడదు. చెమట పట్టే ఊళ్లో పొద్దుటి గ్లవ్ సాయంత్రం దాకా ఉంచుకోవడం కంటే వట్టి చేతులు నయం. వట్టి చేతికి తడి తెలుస్తుంది, కడుక్కుంటాం. చిరిగిన గ్లవ్ ఆ తడిని చర్మానికి అదిమి పట్టి ఉంచుతుంది.

ల్యాబు ఫ్రిజ్‌లో రెండు ట్యూబుల కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉంది. ఊళ్లో దొరకలేదు, తెప్పించారు. గడువు తేదీ ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కనే ఏం చేయాలో తెలుగులో రాసి అంటించాం. గ్లవ్, తడిసిన బట్ట తీసేయాలి. జెల్ చేతిలో ఉంటే 5 నిమిషాలు ధారగా కడిగి జెల్ రుద్దడం మొదలుపెట్టాలి. లేకపోతే 15 నిమిషాలు కడగాలి. నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, జెల్ ట్యూబు, సేఫ్టీ డేటా షీట్ వెంట తీసుకెళ్లాలి. కంట్లో పడితే జెల్ వద్దు, నీళ్లే. రాత్రి ఇంటికెళ్లాక వేలు సలిపితే గోరుచుట్టనుకుని ఊరుకోకుండా ఆ రోజు ఏం ముట్టుకున్నారో ముందు గుర్తు తెచ్చుకోవాలని ఆ కాగితం కింద ఆ అమ్మాయే తన చేత్తో ఒక వాక్యం కలిపింది.

మిగిలిన చెత్త సంగతి. అప్పటిదాకా కడిగిన నీళ్లన్నీ సింకులోకి, అక్కడినుంచి కాలువలోకి పోయాయి. కడపలో కాలువ నీళ్లు బుగ్గవంక చేరి పెన్నలో కలుస్తాయి. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో పోస్తున్నారు. హెచ్ఎఫ్ ఉన్న కడుగునీళ్లలో సున్నం కలిపితే ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది. కానీ విడిపోని పీఎఫ్6ను, ఇమిడజోలియంను సున్నం ఏమీ చేయలేదు. సున్నం వేశాం కదా అని పైన తేరిన నీళ్లు పారబోస్తే సగం పనే అయినట్టు. అందుకని తేరిన నీళ్లు, మడ్డి, వాడిన లవణం వేరువేరుగా లేబులు వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలని తీర్మానం రాయించాను. ఆ పాత గాజు సీసాను మాత్రం బిరడా తీయడానికి ప్రయత్నించకుండా, అలాగే ప్లాస్టిక్ బకెట్‌లో సున్నపు పొడి మధ్య నిలబెట్టి అప్పగించాం.